నేల ఇచ్చినంతే బలం

ఓరుగల్లు మట్టెవాడ నుంచి పోచమ్మ మైదాన్ మీదుగా ములుగు రోడ్డెక్కితే ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి దాటుకుంటూ ఏటూరునాగారం దాకా 163వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఈ తారురోడ్డుకు ఫోర్ బై ఫోర్ బండి అక్కర్లేదు, చిన్న కారైనా చాలు. అసలు పని రోడ్డు దిగాక మొదలవుతుంది. చల్కల నడుమ ఎర్రమట్టి బండ్లబాటలు, చెరువుల కింద రేగడి పొలాల గట్లు, మేడారం అడవిలో జాతర కోసం చదును చేసిన దారులు, జంపన్న వాగులోనూ గోదారి ఒడ్డునా ఇసుక మేటలు. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఇన్ని రకాల నేల తగులుతుంది.

ఓరుగల్లు గల్లీల్లో ఇప్పుడు వెనక ‘ఫోర్ బై ఫోర్’ అని రాసి ఉన్న ఎస్‌యూవీలు తరచూ కనబడుతున్నాయి. కొన్నవాళ్లను కదిపితే “ఏడికైనా పోతది” అంటారు. ఆ మాటలో సగమే నిజం. ఇంజిన్‌లో ఎంత బలం పుట్టినా, అది ఎన్ని చక్రాలకు చేరినా, చివరికి బండిని కదిలించేది టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు. నాలుగు చక్రాలూ లాగడమంటే ఆ పట్టును నాలుగు చోట్ల నుంచీ వాడుకోవడం. లేని పట్టును ఏ గేరూ పుట్టించలేదు. సుదూర ప్రయాణాల్లో ఈ బండ్లతో కాపురం చేసేవాళ్లకు తెలియాల్సిన విజ్ఞానమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

యుద్ధకాలపు యంత్రం

పెట్రోలు ఇంజిన్‌తో నాలుగు చక్రాలకూ బలం అందించిన తొలి కారును 1903లో నెదర్లాండ్స్ కంపెనీ స్పైకర్ తయారుచేసింది. అది పందేల కోసం చేసిన బండి. ఈ యంత్రాంగం ప్రపంచమంతా పాకింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి లక్షల సంఖ్యలో తయారైన విల్లీస్ జీపులతో. మన దేశంలో 1947లో మహీంద్రా వాళ్లు ఆ జీపులనే ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. 2020లో కొత్త థార్, 2023లో జిమ్నీ వచ్చాయి. లోపల ఏసీ, తెర, కెమెరా ఎన్ని చేరినా, ఈ బండ్ల అడుగున ఉన్న ఏర్పాటు మూలసూత్రంలో జీపుదే. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. గేరు రాడ్డు పక్కనున్న రెండో రాడ్డును కదిపితే ట్రాన్స్‌ఫర్ కేస్ అనే గేరుపెట్టె ముందు ఇరుసును కూడా కలుపుతుంది. దీన్నే పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు.

ఎడ్లబండికి లేని చిక్కు

ఎడ్లబండిలో ఇరుసు కదలదు, దాని మీద రెండు చక్రాలూ దేనికది తిరుగుతాయి. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోతాయి. లాగేవి ఎడ్లు కాబట్టి చక్రాలు ఎలా తిరిగినా ఇబ్బంది లేదు.

మోటారు బండిలో చక్రమే లాగాలి. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించి తిప్పితే మలుపులో చిక్కొచ్చి పడుతుంది. చక్రాల మధ్య దూరం మీటరున్నర అనుకుంటే, ఒక పూర్తి చుట్టులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా దాదాపు 9.4 మీటర్లు ఎక్కువ నడవాలి. చిన్న గుండ్రం తిరిగినా పెద్ద గుండ్రం తిరిగినా ఈ తేడా మారదు. ఆ తేడాను సర్దేందుకే ఇరుసు మధ్యలో ఇనుప గుండులా ఉబ్బి కనిపించే డిఫరెన్షియల్‌ను పెట్టారు. అందులోని పళ్ల చక్రాలు రెండు వైపులా వేర్వేరు వేగాలను అనుమతిస్తాయి. కానీ తిప్పే బలాన్ని మాత్రం రెండు వైపులకూ సమానంగానే పంచుతాయి.

ఆ సమానత్వమే బురదలో కొంప ముంచుతుంది. ఒక చక్రం గట్టి నేల మీద, రెండోది జారే బురదలో ఉందనుకోండి. జారే చక్రాన్ని తిప్పడానికి అతి తక్కువ బలం చాలు. డిఫరెన్షియల్ రెండో వైపుకూ అంతే ఇస్తుంది. గట్టి నేల మీదున్న చక్రం ఊరికే నిలబడి ఉంటుంది, బురదలోది గిర్రున తిరుగుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఇలాంటి డిఫరెన్షియల్‌లు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. కాబట్టి ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూలలో ఒక చక్రం పట్టు కోల్పోతే చాలు, నాలుగు చక్రాలకూ బలం అందే బండి కూడా అంగుళం కదలదు. గట్టును అడ్డంగా దాటేటప్పుడు ఒక మూల గాల్లోకి లేచి, ఎదురు మూల తేలిపోవడం ఇలాంటిదే.

దీనికి విరుగుడు రెండు రకాలు. మొదటిది డిఫరెన్షియల్ లాక్. ఇది రెండు వైపులనూ కలిపి బిగించేస్తుంది, పట్టున్న చక్రానికి బలం చేరుతుంది. రెండోది బ్రేకు సాయం. చక్రాల వేగాన్ని కొలిచే సెన్సర్లు జారుతున్న చక్రాన్ని పసిగట్టి దానికి మాత్రమే బ్రేకు వేస్తాయి. ఇప్పుడు ఆ చక్రాన్ని తిప్పడానికి ఎక్కువ బలం కావాలి కాబట్టి రెండో చక్రానికీ అంతే బలం దక్కుతుంది. ఇలాంటప్పుడు అడుగున కటకటమని చప్పుడొస్తే బెదిరి కాలు తీసేస్తారు చాలామంది. తీయకుండా యాక్సిలరేటర్‌ను నిలకడగా ఉంచితేనే ఆ ఏర్పాటు పని చేస్తుంది.

పొడి తారు మీద ఎందుకు వద్దు

పార్ట్ టైమ్ బండిలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ వీల్ వేయగానే రెండూ ఒకే వేగానికి బిగుసుకుపోతాయి. ముందు వెనక చక్రాల మధ్య 2.45 మీటర్ల దూరమున్న బండి, వెనక ఇరుసు మధ్యభాగం అయిదు మీటర్ల వ్యాసార్ధంలో తిరిగేలా ఒక చుట్టు కొడితే, వెనక ఇరుసు 31.4 మీటర్లు, ముందు ఇరుసు దాదాపు 35 మీటర్లు పోవాలి. మూడున్నర మీటర్లకు పైగా తేడా. మట్టి మీదైతే టైర్లు కాస్త కాస్త జారి ఆ తేడాను తీర్చేసుకుంటాయి. పొడి తారు టైరును జారనివ్వదు. అప్పుడా తేడా గేర్లలో, షాఫ్టుల్లో మెలిక పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి ఎగిరెగిరి కదులుతుంది, రాడ్డు తిరిగి టూ వీల్‌కు రానని మొరాయిస్తుంది. కాసేపు నేరుగా వెనక్కి పోనిస్తే మెలిక విడి రాడ్డు వదులవుతుంది.

టైర్లు నాలుగూ ఒకే రకంగా అరగాలన్న నియమం కూడా ఇందుకే. ముందు కొత్త టైర్లు, వెనక అరిగిన టైర్లు వేస్తే చుట్టుకొలతలు మారి, నేరుగా పోతున్నా మెలిక పడుతూనే ఉంటుంది.

లో గేరు చేసే పని

ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఫోర్ లో అనే మెట్టు ఉంటుంది. అది వేగాన్ని రెండు నుంచి రెండున్నర రెట్లు తగ్గించి, తిప్పే బలాన్ని అంతే పెంచుతుంది. మొదటి గేరులో నాలుగు రెట్లు, లో గేరులో రెండున్నర రెట్లు, ఇరుసు దగ్గర మరో నాలుగు రెట్లు వేసుకుంటే మొత్తం నలభై రెట్లు. 300 న్యూటన్ మీటర్ల ఇంజిన్ బలం చక్రాల దగ్గర 12,000 అవుతుంది. చక్రం వ్యాసార్ధం 37 సెంటీమీటర్లయితే నేలను నెట్టే బలం మూడు వేల కిలోల బరువును దాటుతుంది. బండి బరువు చూస్తే 1,750 కిలోలు. పొడి తారు మీద సైతం అందులో ఎనభై శాతానికి మించి పట్టు దొరకడం కష్టం. తడి బురదలో పావు వంతు దొరికినా గొప్పే. అంటే ఇంజిన్ ఇవ్వగలిగినదాంట్లో నేల తీసుకునేది ఏడో ఎనిమిదో వంతు. మిగతాది కాలితో తొక్కి బయటికి తీస్తే చక్రం గొయ్యి తవ్వడానికే పనికొస్తుంది.

మరి లో గేరు ఎందుకు? నెమ్మది కోసం. ఇంజిన్ నిమిషానికి 800 చుట్లతో ఊరికే నడుస్తున్నప్పుడు, నలభై రెట్లు తగ్గితే చక్రం 20 చుట్లు తిరుగుతుంది. గంటకు మూడు కిలోమీటర్లు కూడా కాదు, మనిషి నడక కన్నా నెమ్మది. రాళ్ల వాలు దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండానే ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు తొక్కితే చక్రం ఆగి జారే ప్రమాదం ఉంది. ఇంజిన్ పట్టులో చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి స్టీరింగ్ మాట వింటుంది.

రేగడి లెక్క వేరు, ఇసుక లెక్క వేరు

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం లక్నవరం దారిలో పెద్ద ఎస్‌యూవీ ఒకటి పొలం బాటలో దిగబడి ఉంది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి. టైరు పళ్ల సందులన్నీ నల్లమట్టితో పూడుకుపోయి, రబ్బరు నున్నగా మెరుస్తోంది. బండి కడుపు చక్రాల గాడుల మధ్య మిట్ట మీద ఆనింది. ట్రాక్టరు దిగి వచ్చిన కుర్రాడు అద్దం దగ్గరికి వంగి, “అన్నా, ఇగ తొక్కకు. ఎంత తొక్కితే గంత కూసుంటది. ముందుగాల గాలి తీయ్” అన్నాడు. నాలుగు టైర్లలో గాలి సగానికి దగ్గరగా తగ్గించి, పళ్ల సందుల్లో మట్టి కట్టెతో గీకి, కడుపు కింద పారతో తవ్వి, వచ్చిన గాడిలోనే వెనక్కి మెల్లగా పోనిచ్చారు. ట్రాక్టరు గొలుసు అవసరం రాలేదు.

ఆ కుర్రాడి మాట వెనక నేలల యాంత్రిక శాస్త్రమే ఉంది. నేల నుంచి చక్రానికి దొరికే పట్టు రెండు దారుల్లో వస్తుంది. మట్టి రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని ఉండే జిగి ఒకటి. ఇది టైరు ఎంత వైశాల్యం మీద ఆనితే అంత దొరుకుతుంది. రేణువుల మధ్య రాపిడి రెండోది. ఇది బరువును బట్టి పెరుగుతుంది. తడిసిన రేగడిలో దాదాపు అంతా జిగే. అందులోని మాంట్‌మోరిల్లొనైట్ బంకమట్టి పలకల మధ్యకు నీళ్లు చేరి ఉబ్బుతుంది. బండి బరువు పడ్డప్పుడు ఆ నీళ్లు చప్పున బయటికి పోలేవు, బరువును అవే మోస్తాయి. అందుకే తడి రేగడిలో బండిలో మరో నలుగురిని ఎక్కించినా పట్టు పెరగదు. ఆనే వైశాల్యం పెరగాలి. వరి మడుల్లో ట్రాక్టర్లకు వెడల్పాటి ఇనుప చక్రాలు తగిలించేది ఇందుకే.

వైశాల్యం పెంచే తేలికైన దారి గాలి తీయడం. 1,750 కిలోల బండిలో ఒక్కో టైరు మీద 440 కిలోల దాకా పడుతుంది. గాలి 32 పీఎస్‌ఐ ఉంటే అది చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోలు. అంటే టైరు నేలకు ఆనేది సుమారు 195 చదరపు సెంటీమీటర్లు, ఒక అరచెయ్యి వేళ్లతో సహా పరిచినంత. గాలి 18కి దించితే అది 345 దాకా పెరుగుతుంది. టైరు అంచుల గట్టిదనం వల్ల అసలు పెరుగుదల ఈ లెక్క కన్నా కొంత తక్కువే ఉంటుంది కానీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అడ్డంగా కన్నా పొడవుగా ఎక్కువ సాగుతుంది కాబట్టి చక్రం ముందు మట్టి కుప్ప పోసుకోవడమూ తగ్గుతుంది. తారెక్కాక మాత్రం ఆ గాలితో వేగంగా పోకూడదు. గాలి తక్కువున్న టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగి వేడెక్కి పగిలిపోవచ్చు. అందుకే ఇలాంటి ప్రయాణాల్లో సిగరెట్ సాకెట్‌తో నడిచే చిన్న గాలి పంపు తప్పనిసరి సామాను.

ఇసుకలో జిగి లేదు, అంతా రాపిడే. రేణువులు పక్కకు జరగకుండా చుట్టూ కట్టడి ఉంటే ఇసుక ఎంతో బరువు మోస్తుంది. కాకతీయుల శిల్పులకు ఈ సంగతి బాగా తెలుసు. హనుమకొండ వేయిస్తంభాల గుడిని, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పాలంపేట రామప్ప గుడిని ఇసుక నింపిన పునాదుల మీద కట్టారు. గోతిలో బందీ అయిన ఇసుక ఎనిమిది వందల ఏళ్లుగా రాతి గుళ్లను మోస్తోంది. గోదారి ఒడ్డున విడిగా ఉన్న అదే ఇసుక చక్రం కింద నుంచి పక్కలకు పారిపోతుంది. అక్కడ సూత్రం వేరు. గాలి తగ్గించు, ఆగకుండా ఒకే వేగంతో పో, స్టీరింగ్ గబుక్కున తిప్పకు. ఆగాల్సి వస్తే బ్రేకు తొక్కకుండా వాలు మీద దానంతట అదే ఆగనివ్వు. బ్రేకు తొక్కితే టైరు ముందు ఇసుక దిబ్బ లేస్తుంది.

చక్రానికీ నేలకూ ఉన్న ఈ సంబంధాన్ని ఒక శాస్త్రంగా మలిచినవారిలో ముఖ్యుడు మియెచిస్లావ్ బెకర్. పోలండ్‌లో పుట్టిన ఈ ఇంజినీరు పరిశోధన అపోలో చంద్రవాహనం రూపకల్పనకు తోడ్పడింది. 1971లో అపోలో 15తో చంద్రుడి మీదికి వెళ్లిన ఆ బండి కూడా ఫోర్ బై ఫోరే. ఒక్కో చక్రానికి ఒక్కో మోటారు, రబ్బరు బదులు ఉక్కు తీగల అల్లిక. చంద్రధూళిలో దిగబడకుండా నేలకు విశాలంగా ఆనాలన్నదే అక్కడా అసలు కిటుకు.

తారురోడ్డు మీద ధీమా

ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో పొడి తారు మీద బ్రేకు పడ్డాక బండి ఆగడానికి సుమారు 36 మీటర్లు కావాలి. పొలాల నుంచి ట్రాక్టర్లు మోసుకొచ్చిన బురద మీద వాన చినుకులు పడి పట్టు సగమైతే అది 72 మీటర్లు. డ్రైవరు తేరుకునే ఒకటిన్నర సెకన్లలో బండి మరో 33 మీటర్లు పోతుంది. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు టైరు కింద దొర్లుతూ ఈ లెక్కను ఇంకా పాడుచేస్తాయి. రాత్రి వడ్ల కుప్ప అంచున పెట్టిన రాయీ, తారు వెచ్చదనానికి పడుకున్న బర్రే వంద మీటర్ల ముందు కనబడకపోతే ఏ బండైనా ఒక్కటే.

ఎత్తు కూడా వెల అడుగుతుంది. బండి బోల్తాకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే తేలిక కొలత ఒకటుంది. చక్రాల మధ్య దూరంలో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో భాగించాలి. మామూలు కారుకు ఇది 1.4 దగ్గర ఉంటుంది. చక్రాల మధ్య 1.52 మీటర్లు, బరువు కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న ఎస్‌యూవీకి 1.1 లోపే. మేడారం పోతూ పైన క్యారియర్ మీద వంట సామాను, నీళ్ల డబ్బాలు కట్టుకుంటే అది ఇంకా తగ్గుతుంది. బరువు ఎంత ఉన్నా లోపల, కింద సర్దుకోవడమే మేలు.

వాగు దగ్గర

2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో ఏడాది పొడవునా పడే సగటు వాన 900 మిల్లీమీటర్లకు కాస్త పైన. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది, జంపన్న వాగు కొండాయిని ముంచింది. మరుసటి ఏడు సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వరద ఒక కారును ఈడ్చుకుపోయి అందులోని ఇద్దరి ప్రాణాలు తీసింది. మన వైపు ప్రయాణాల్లో అసలు పరీక్ష లోలెవల్ కాజ్‌వేల దగ్గరే.

కంపెనీలు నీళ్లలో దిగే లోతును ప్రకటిస్తాయి. కొత్త థార్‌కు అది 650 మిల్లీమీటర్లు. ఆ అంకె నిలకడగా ఉన్న నీళ్లకే వర్తిస్తుంది. పారే నీళ్ల లెక్క వేరు. నాలుగు మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు ఉన్న బండి అడుగు దాటి నీళ్లు ప్రతి పది సెంటీమీటర్లు పెరిగేసరికి 640 కిలోల బరువు తేలిపోతుంది. లోపలికి నీళ్లు కారడానికి సమయం పడుతుంది, ఈలోగా బండి పడవే. ముప్పై సెంటీమీటర్లు కూడా పెరగకముందే 1,750 కిలోల బండికి నేల మీద బరువు మిగలదు. బరువు పోతే రాపిడి పోతుంది. ఇక పక్క నుంచి వచ్చే తోపు చూడండి. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారే నీళ్లు బండి పక్కను 40 సెంటీమీటర్ల ఎత్తున కొడితే ఆ తోపు 320 కిలోల బరువంత. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. నాచు పట్టిన సిమెంటు మీద సగం తేలిన బండికి దొరికే పట్టు 260 కిలోలకు మించదు. నాలుగు చక్రాలూ లాగుతున్నాయా, రెండేనా అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు.

నీళ్లు ఇంజిన్‌లోకి పోతే మరో నష్టం. 2.2 లీటర్ల డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు 550 మిల్లీలీటర్ల లోపు. పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ 36 మిల్లీలీటర్లే. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయొద్దని మెకానిక్కులు మొత్తుకునేది అందుకే.

నిలకడ నీళ్లు దాటి వచ్చినా పని మిగిలే ఉంటుంది. దూరం నడిచి వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, గాలి గొట్టం నుంచి, సీళ్ల అంచుల నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. వారంలోగా డిఫరెన్షియల్ మరను విప్పి చూడాలి. నూనె పాలు కలిసిన చాయ్ రంగుకు తిరిగి ఉంటే నీళ్లు చేరినట్టే. అప్పుడు నూనె మార్చడం చిన్న ఖర్చు, పళ్ల చక్రాలు మార్చడం పెద్ద ఖర్చు.

కాజ్‌వే మీద నీళ్లు పారుతూ కింది సిమెంటు కనబడకపోతే వెనక్కి తిరగాలి. చుట్టుదారి నలభై కిలోమీటర్లు ఎక్కువైనా అయ్యేది మూడు నాలుగు లీటర్ల డీజిల్, ఒక గంట సమయం. పది లక్షలకు పైగా పోసి కొన్న బండిలో ఇంతకన్నా చవకైన భద్రత లేదు.